గెలిచాక చూపించకూడదు

పోకరు నేర్చుకుందామని మాలో ఎవరమూ అనుకోలేదు. సమ్మె చేద్దామనుకున్నాం, అంతే. సమ్మె అంటే జెండాలు, నినాదాలు, గేట్ల మీదికి ఎగబడటం అనుకుంటారు ఎప్పుడూ చేయనివాళ్ళు. నాలుగు రోజులు పోయాక సమ్మె అంటే గేటు ముందు టార్పాలిన్ కింద చాప మీద కూర్చుని ఆవులించడమేనని మాకు తెలిసొచ్చింది. ఎండ మండిపోతోంది. చెప్పుకోవాల్సిన కబుర్లన్నీ అయిపోయాయి. ఒకరి మొహాలు ఒకరు చూసి విసుగెత్తాక మా బాయిలరు బాబాయి సంచిలోంచి పేకముక్కల కట్ట తీశాడు.

మాది లాండ్రీ. వీధి మలుపులో చొక్కాలు ఇస్త్రీ చేసే కొట్టు కాదు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు లారీల్లో వచ్చిపడే పెద్ద షెడ్డు. అన్నయ్య ఉతికే మిషన్ల దగ్గర, నేను మడతల బల్ల దగ్గర, వదిన రోలరు దగ్గర పనిచేసేవాళ్ళం. రోలరంటే మనిషి నడుమంత లావున తిరిగే ఇనప గొట్టం. లోపల ఆవిరి మరుగుతూ ఉంటుంది. తడి దుప్పటిని దాని కిందికి అందిస్తే అటువైపు నున్నగా, పొడిగా బయటికొస్తుంది. అందించేటప్పుడు ఇద్దరుండాలి, చెరో కొస పట్టుకోవాలి. అప్పుడు చేతులు అంచుల దగ్గరే ఉంటాయి, భయం లేదు. ఆ వేసవికి ముందు కంపెనీ ఒక మనిషిని తీసేసింది. ఒక్కళ్ళే అయితే దుప్పటి మధ్యలో ముడత పడకుండా అరచేత్తో దువ్వాలి. దువ్విన చేతిని రోలరు అందుకునేలోపు వెనక్కి లాక్కోవాలి. మా వదిన ఒకరోజు లాక్కోలేకపోయింది.

కుడి చెయ్యి. వేళ్ళు దక్కాయి గానీ కాలిన ఆకుల్లా ముడుచుకుపోయాయి. ఆమె ఆసుపత్రిలో ఉండగానే ఆ రోలరు దగ్గరికి ఇంకో ఒంటిమనిషి వచ్చింది. వదినకి ఉద్యోగం లేదన్నారు. అప్పుడు లేచాడు మా అన్నయ్య. వాడు లీడరేం కాదు. ఎవరి కష్టం చూసినా కడుపులో దాచుకోలేని మనిషి, అదే వాడి అర్హత. వాడు మిషను ఆపి చేతులు తుడుచుకుని బయటికి నడిస్తే, వాడి వెనకే మేమందరం నడిచాం. మేమడిగినవి రెండే. రోలరు దగ్గర ఇద్దరు మనుషులు. వదినకి కూర్చుని చేసుకునే పని.

బాయిలరు బాబాయి మాకు చుట్టం కాదు. లాండ్రీలో అందరికీ బాబాయే. వయసులో ఉన్నప్పుడు ఓడల్లో ఇంజను దగ్గర పనిచేశాడట. ఈ ఆట అక్కడే నేర్చుకున్నాడు. మనిషి మాట్లాడేది తక్కువ. పేక తీయగానే అన్నయ్య చాప మీదికి జరిగి, "రమ్మీయేనా?" అన్నాడు ఆశగా. రమ్మీ అంటే మా అన్నయ్యకి ప్రాణం.

"రమ్మీ కాదు, పోకరు," అన్నాడు బాబాయి. "డబ్బులు మాత్రం ఎవరైనా బయటికి తీశారంటే పేక చించేస్తా. మనం ఇక్కడ ఉన్నది దేనికో గుర్తుంచుకోండి."

"మరి దేంతో ఆడతాం?"

దానికి నేనే ఉపాయం చెప్పాను. ఉతికే మిషన్ల జల్లెడలో రోజూ గుండీలు చిక్కుకుంటాయి. డాక్టర్ల కోట్లవి, హోటలు బంట్రోతుల చొక్కాలవి, ఎవరివో ఏమిటో. వాటిని అన్నయ్య ఒక డబ్బాలో పోసి ఇంట్లో పెట్టాడు, ఎందుకో వాడికే తెలియాలి. డబ్బా తెచ్చాను. తెల్ల గుండీ ఒకటి, నల్లది ఐదు, ఇత్తడిది పది. తలా ఒక గుప్పెడు పంచుకున్నాం.

"ఇదిగో, తలా రెండు ముక్కలు. ఎవరివి వాళ్ళే చూసుకోవాలి," అని మొదలెట్టాడు బాబాయి. "మధ్యలో ఐదు ముక్కలు తెరుస్తాను. అవి అందరివీ. మీ రెండూ ఆ ఐదూ కలిపి ఏడు. ఏడింట్లోంచి మంచివి ఐదు ఏరుకోవాలి. ఎవరి ఐదు గొప్పవైతే గుండీలు వాళ్ళవి."

"మధ్యలోవి అందరివీ అయితే ఇంక ఆటేముంది బాబాయ్?" అన్నాడు అన్నయ్య.

"నీ చేతిలో రెండున్నాయిగా. వాటిల్లో ఉంది. అంతకన్నా నీ మొహంలో ఉంది."

"జోకరేది?" అంది వదిన.

"జోకరూ లేదు, గీకరూ లేదు."

"జోకరు లేని పేకాటేంటి, ఉప్పు లేని కూరలాగ!"

"తినిచూడవమ్మా, తర్వాత చెబుదువుగాని," అన్నాడు బాబాయి.

ఏది గొప్పో ఏది తక్కువో నేర్చుకోవడానికే మాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఒకేలాంటివి రెండొస్తే జత. రెండు జతలు అంతకన్నా నయం. ఒకేలాంటివి మూడొస్తే ఇంకా నయం. వరసగా ఐదొస్తే అంతకన్నా పైన. వరస లేకపోయినా ఐదూ ఒకే గుర్తువి, అంటే అన్నీ ఇస్పేట్లో అన్నీ ఆటీన్లో అయితే ఆ వరసని కొట్టేస్తాయి. ఒకేలాంటివి మూడూ, ఇంకో జతా కలిసొస్తే ఫుల్‌హౌసు, అది వీటన్నిటి నెత్తినా కూర్చుంటుంది. దాని మీద నాలుగూ ఒకేలాంటివి. ఆ పైన వరసగా ఉన్న ఐదూ ఒకే గుర్తువైతే ఇంక తిరుగులేదు, అది జీవితంలో ఒకసారి వస్తుందన్నాడు బాబాయి. నాకు రాలేదు.

మొదటి ఆటలోనే మధ్యలో మూడు ముక్కలు తెరిచీ తెరవగానే అన్నయ్య తొడ చరిచి, "షో!" అని తన రెండూ చాప మీద కొట్టాడు. ఇస్పేటు ఐదు, ఆరు. మధ్యలో ఇస్పేటు ఏడు ఉంది.

బాబాయి తల పట్టుకున్నాడు. "మూడు ముక్కలకి షో ఏంట్రా నాయనా! ఇది రమ్మీ అనుకున్నావా? అయినా నీ వంతే రాలేదు."

"సీక్వెన్సు పడింది కదా!"

"పడితే పడింది, నోరు మూసుకుని కూర్చోవాలి. ముక్కలు పంచగానే ఒకసారి పందెం. ఈ మూడూ తెరిచాక ఒకసారి. నాలుగోది తెరిచాక, ఐదోది తెరిచాక. నీ వంతు వచ్చినప్పుడు ఎదుటివాడు పెట్టినన్ని గుండీలు నువ్వూ పెట్టొచ్చు. ఇంకా పెంచొచ్చు. నీ వల్ల కాదనుకుంటే ముక్కలు బోర్లా పడేసి తప్పుకోవచ్చు. అంతే. మధ్యలో అరుపులూ తొడ చరచడాలూ లేవు."

వదిన ఎడమ చేత్తోనే ఆడేది. కట్టు కట్టిన కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ముక్కల్ని చాప అంచు కింద దోపి, మాటిమాటికీ వంగి చూసుకునేది. మంచివి పడకపోతే "అయ్యో ఖర్మ" అని పైకే అనేసేది. ఇంక ఆమెతో ఏం ఆడతాం! అయినా చెయ్యి కాలినప్పట్నించీ మొదటిసారి ఆమె నవ్వుతోందని మేమందరం ఆమెను ఆటలోంచి పోనిచ్చేవాళ్ళం కాదు. మిగతావాళ్ళు చుట్టూ మూగి చూసేవాళ్ళు. వాళ్ళూ నేర్చుకున్నారు. కొన్నాళ్ళకి మా టార్పాలిన్ కింద సమ్మె జరుగుతోందో పేకాట క్లబ్బు నడుస్తోందో దారినపోయేవాళ్ళకి అంతుపట్టేది కాదు.

బ్లఫ్ అంటే ఏమిటో ఒక మధ్యాహ్నం తెలిసింది. మధ్యలో రెండు రాజులు, తొమ్మిది, నాలుగు, ఆసు పడి ఉన్నాయి. నా చేతిలో తొమ్మిది ఉంది. రాజుల జత, తొమ్మిదుల జత. చాలు నాకు, లోపల గంతులేస్తున్నాను. అన్నయ్య ఏమీ అనకుండా తన ఇత్తడి గుండీలన్నీ మధ్యలోకి తోశాడు. వాడి మొహంలో ఏమీ లేదు. ఎప్పుడూ ఏదో ఒకటి ఉండే మొహం అది. చూస్తే భయమేసింది, మూడో రాజు వీడి దగ్గరుందనుకుని ముక్కలు పడేశాను. బాబాయి కూడా కాసేపు చూసి పడేశాడు. గుండీలన్నీ అన్నయ్యవే. బాబాయి ముక్కలు పోగు చేయబోతుంటే అన్నయ్య ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆగు బాబాయ్, షో!" అని తన రెండూ తిప్పి చూపించాడు. కళావరు రెండు, డైమను ఏడు. అంటే ఏమీ లేవు. గడ్డి.

"ఓరి నీ మొహం మండ!" అన్నాను. వదిన పగలబడి నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలేశారు.

బాబాయి మాత్రం నవ్వలేదు. "గెలిచాక చూపించకూడదురా," అన్నాడు.

"అదేంటి బాబాయ్, షో కొట్టకుండా గెలుపేంటి? రమ్మీలో..."

"రమ్మీలో చూపిస్తేనే గెలుపు. ఇందులో అందరూ తప్పుకుంటే గెలుపు. నీ ముక్కలు చూడాలనుకున్నవాడు గుండీలు పెట్టి చూడాలి. పెట్టలేదా, వాడికి చూసే హక్కు లేదు. నువ్వు ఊరికే చూపించావంటే రేపు నిన్నెవడు నమ్ముతాడు?"

"అబ్బ, నాకైతే చూడకపోతే అన్నం సయించదు," అంది వదిన. "మనలో మనకి దాపరికాలేంటి? గెలిచినవాళ్ళు చూపించాల్సిందే. మన రూలు ఇదీ."

"అట్లా అయితే అది పోకరు కాదమ్మా."

"కాకపోతే పోయింది. చూపించాల్సిందే!"

అందరూ వదిన వైపే. సరదాగా ఉంటుందని. అలా మా టార్పాలిన్ కింద రూలు మారిపోయింది. అన్నయ్య ఏమీ లేకుండా గెలవడం, "షో!" అని తిప్పి చూపించడం, వదిన నవ్వడం. వాడు గెలవడం కోసం ఆడేవాడో ఆమె నవ్వు కోసం ఆడేవాడో నాకు తెలుసు. బాబాయి ఒకటి రెండుసార్లు గొణిగి ఊరుకున్నాడు. ఆయన గట్టిగా దెబ్బలాడి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

ఎండలు ముదిరాయి. ఓనరు దిగిరాలేదు. మా దుప్పట్లన్నీ ఊరికి ఆ చివరున్న ఇంకో లాండ్రీకి పంపి ఉతికిస్తున్నాడు. అక్కడ పని ఆగితే గానీ ఇతని మెడ వంగదని అందరికీ తెలుసు. అన్నయ్య అక్కడికి వెళ్ళాడు, వాళ్ళనీ ఒక పూట మిషన్లు ఆపమని బతిమాలదామని. తిరిగొచ్చి మెట్ల దగ్గర చెప్పులు విప్పుతుంటేనే వాడి మొహం చూసి వదిన నీళ్ళ చెంబు అందించింది. వాడే చెప్పాడు.

"గేటు కూడా దాటనివ్వలేదే. వాళ్ళ మేస్త్రీ వచ్చి, మీ గొడవ మాకెందుకు, మీ పుణ్యమా అని మాకు ఓవర్‌టైము దొరుకుతోంది, పో అన్నాడు."

వదిన పక్కన కూర్చుంది. "పోనీలెండి. ఒక్క నా కోసం ఇంతమందిని ఎండబెట్టడం ఎందుకు? వదిలేద్దాం."

"నీ ఒక్కదాని కోసం కాదు. రేపు ఆ రోలరు దగ్గర ఇంకొకత్తె చెయ్యి," అన్నాడు అన్నయ్య.

మర్నాడు టార్పాలిన్ దగ్గర బాబాయి ఇదంతా విన్నాడు. ముక్కలు కలుపుతూ కలుపుతూ ఆగి అన్నాడు. "నీ దగ్గర ముక్కల్లేవని నీకు తెలుసు. ఓనరుకి తెలీదుగా."

గుండీలు ఏరుతున్న అన్నయ్య తలెత్తి ఆయన వంక చూశాడు.

మేనేజరు చర్చలకి పిలిచిన రోజు పొద్దున అన్నయ్య, బాబాయి, ఆడవాళ్ళ తరపున నేను లోపలికెళ్ళాం. అన్నాళ్ళ తర్వాత షెడ్డులో అడుగు పెడితే సబ్బు వాసన లేదు, ఆవిరి లేదు, ఏదో పాడుబడిన ఇంట్లోకి వెళ్ళినట్టుంది. ఆఫీసు గదిలో ఫ్యాను తిరుగుతోంది. మేనేజరు చెడ్డమనిషేం కాదు. మాట మెత్తన, చిరునవ్వు ఎప్పుడూ ఉంటుంది. మాకు కుర్చీలు వేయించాడు. ఓనరుగారు ఒప్పుకోవడం లేదయ్యా, నా చేతిలో ఏముంది, మీ పని ఎట్లాగూ వాళ్ళు చేసిపెడుతున్నారుగా అన్నాడు.

అన్నయ్య బల్ల వంక చూస్తూ, "సోమవారం నించి వాళ్ళ మిషన్లూ ఆగుతాయి సార్," అన్నాడు.

అంతే. ఇంకో మాట అనలేదు. గొంతు పెంచలేదు, కాలు ఊపలేదు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే అది మేనేజరుకి వినిపిస్తుందేమోనని చెంగు నోటికడ్డం పెట్టుకున్నాను. మేనేజరు వాడి మొహం చూశాడు, బాబాయి మొహం చూశాడు, నా మొహం చూశాడు. తన ముందున్న టీలో చక్కెర ఎప్పుడో కరిగిపోయినా చెంచా తిప్పుతూనే ఉన్నాడు.

"ఎవరన్నారయ్యా?"

అన్నయ్య చూపు బల్ల మీదే ఉంది.

మేనేజరు లేచి ఫోనున్న లోపలి గదిలోకి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. మాటలు వినపడలేదు. తిరిగొచ్చి కూర్చుని మొహం తుడుచుకున్నాడు. "సరే. రోలరుకి ఇద్దరు. మీ ఆవిడకి కుట్టుబల్ల దగ్గర, చిరిగిన దుప్పట్లు చూసే పని. ఎడంచేత్తో చేసుకోగలదుగా? రేపు పొద్దున టైపు చేయించి ఉంచుతాను, సంతకాలు పెట్టేసుకుని మిషన్లు ఎక్కేద్దురు."

బయటికొచ్చాక బాబాయి అన్నయ్య భుజం పట్టుకున్నాడు. "సంతకం అయ్యేదాకా ఒక్క మాట కూడా..." అన్నాడు. అన్నయ్య తలూపాడు. వాడి కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళ మధ్య ఆ మాట ఎంతవరకు వినిపించిందో.

టార్పాలిన్ కింద ఎంత సంబరమో చెప్పలేను. ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి వాటేసుకున్నారు. వదిన ఏడుస్తూ నవ్వుతూ, "కుట్టుబల్లా? నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదే!" అంటోంది. తెల్లారితే ఆవిరి కావాలి కదా అని బాబాయికి ఒక్కడికే గేటు తీశారు. ఆయన బాయిలరు శుభ్రం చేసుకోవడానికి లోపలికెళ్ళాడు. 

సాయంత్రానికి మేనేజరు తనే బయటికొచ్చాడు. వెనకాల వాచ్‌మన్ చేత కూల్‌డ్రింకుల పెట్టె మోయించుకుని. "ఇంక గొడవెందుకయ్యా, అందరం ఒక్కచోట పనిచేసేవాళ్ళమే," అని తలా ఒక సీసా ఇచ్చాడు. బూట్లు విప్పి మా చాప మీద బాసిపట్టు వేసుక్కూర్చున్నాడు. మాకు ఒళ్ళు పులకరించింది. మేనేజరు మా చాప మీద!

"ఇదేనా మీ ఆట? కిటికీలోంచి రోజూ చూస్తున్నా. నాకూ నేర్పండి," అన్నాడు.

అన్నయ్యకి ఇంకేం కావాలి! బాబాయి మాకు నేర్పినట్టే తను ఆయనకి నేర్పాడు. జతలు, వరసలు, ఒకే గుర్తువి. మేనేజరు అన్నీ అడిగి అడిగి తెలుసుకున్నాడు. ఆసు పైనా కిందా, రెండువైపులా పనికొస్తుందా? మధ్యలో ముక్కలే అన్నిటికన్నా మంచివైతే అప్పుడెలా? అచ్చం మేం మొదట్లో అడిగినట్టే. ఆడటం కూడా అలాగే ఆడాడు, జత పడితే చాలు గుండీలన్నీ పోసేయడం, ఓడిపోయి చెంపలేసుకోవడం. ముక్కలు కలపడం మాత్రం ఆయన చేతుల్లో చూడాలి, నీళ్ళు జారినట్టు జారాయి. అది చూసి బాగా కలుపుతున్నారు సార్ అన్నాను. ఆ చేతులకి ఈ ఆట కొత్తని ఎలా నమ్మామో, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఒక ఆటలో ఆయనా అన్నయ్యా మిగిలారు. అన్నయ్య ఇత్తడి గుండీలన్నీ మధ్యలోకి తోసి ఊరుకున్నాడు. మేనేజరు గడ్డం గోక్కుని, "వద్దు బాబూ, నీ దగ్గరేదో పెద్దదే ఉంది," అని రాణుల జత చూపించి మరీ పడేశాడు.

"చూపించండి, చూపించండి," అంది వదిన సీసాతో చాప మీద కొడుతూ. "మా రూలు సార్, గెలిచినవాళ్ళు చూపించాలి."

"అలాగా!" అన్నాడు మేనేజరు.

"షో!" అన్నాడు అన్నయ్య. మూడు, ఎనిమిది. ఏమీ లేవు.

మేనేజరు పడీపడీ నవ్వాడు. అన్నయ్య వీపు మీద చరిచాడు. "అబ్బ, ఏం మొహమయ్యా నీది! రాయిలాగ పెట్టావు. పొద్దున నా గదిలోనూ ఇలాగే పెట్టావే, అదీ ఇంతేనా ఏంటి?"

ఆయన అది ఎంత తేలిగ్గా అన్నాడంటే, నాకూ నవ్వొచ్చింది. అన్నయ్య మొహం వెలిగిపోతోంది. అన్ని వారాలు ఎండలో మాడిన మొహం. పక్కన వదిన ఉంది. చుట్టూ తనని నమ్మి వెంట నడిచినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి తను చేసిన ఘనకార్యం ఇంకా తెలియదు. అది కడుపులో ఎలా దాచుకుంటాడు, మా అన్నయ్య!

"వాళ్ళా సార్!" అన్నాడు. "నన్ను గేటు దగ్గర్నించే తరిమేశారు!"

అందరం నవ్వాం. నేను కూడా. వదిన అయితే కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వింది. మేనేజరు అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఇంకో ఆట కూడా ఆడాడు, అందులోనూ ఓడిపోయాడు. తన దగ్గర మిగిలిన గుండీలు డబ్బాలో వేసి, బూట్లు తొడుక్కుని, "బాగా కాలక్షేపమైందయ్యా," అని లోపలికి వెళ్ళిపోయాడు.

బాబాయి బాయిలరు దగ్గర్నించి మసి చేతులతో వచ్చేసరికి వదిన ఇదంతా జోకుగా చెప్పింది. ఆయన విని చాప అంచున కూలబడ్డాడు. "చూపించావా," అన్నాడు అన్నయ్యతో. తిట్టినట్టు కూడా అనలేదు. అన్నయ్య నవ్వు కాసేపు అలాగే ఉండి, మెల్లగా దిగిపోయింది.

పొద్దున గేటు దగ్గరికి వెళ్తే టైపు చేసిన కాగితమూ లేదు, మేనేజరూ లేడు. వాచ్‌మన్ చెప్పాడు. పనిలోకి రాదలుచుకున్నవాళ్ళు ఒక్కొక్కళ్ళుగా రావచ్చట. అంతా పాత పద్ధతే. అన్నయ్యా వదినా మాత్రం రానక్కర్లేదట. ఎవరూ కదల్లేదు. ఎండెక్కింది. పిల్లలున్నవాళ్ళు, ఇంట్లో రోగులున్నవాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. అన్నయ్యని ఒక్క మాట ఎవరూ అనలేదు. అని ఉంటే నయం. చివరికి వాడే లేచి, "వెళ్ళండి. నా మొహం చూస్తూ కూర్చుంటే పిల్లల కడుపు నిండుతుందా? వెళ్ళండి," అన్నాడు. ఒక్కొక్కళ్ళే గేటు దాటారు. బాబాయి మా ముందు ఆగాడు. "ఆట సగమే నేర్పానురా. మొదట నేర్పాల్సింది వదిలేశాను," అన్నాడు. ఆయన కూడా లోపలికెళ్ళాడు.

అన్నయ్య నా వైపు తిరిగాడు. "నువ్వూ వెళ్ళు చెల్లీ."

"చస్తే వెళ్ళను."

"ఇంట్లో ముగ్గురం. ఒక్కరిదైనా జీతం ఉండాలి. వెళ్ళమ్మా."

వదిన టార్పాలిన్ కర్ర పట్టుకుని నిలబడింది. తన నవ్వు కోసం మార్చిన రూలు ఇంత పని చేసిందని ఆమెకి అప్పటికే తెలుసు. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. మా ఇంట్లో వాళ్ళిద్దరి మధ్యా మాటలు ఆ రోజు నించే తగ్గిపోయాయి. అడిగినదానికి జవాబు, అంతవరకే.

నేను వెళ్ళాను. మడతల బల్ల దగ్గరికి కాదు. నన్ను రోలరు దగ్గర పెట్టారు, ఒక్కదాన్నే.

ఎండలు పోయి వానలు పట్టాయి. అన్నయ్య గోదాములో మూటలు మోసేవాడు. నాకన్నా ముందే ఇల్లు చేరి గుమ్మంలో పీట వేసుక్కూర్చునేవాడు. నేను మెట్లెక్కగానే, "ఏదీ, చేతులు," అనేవాడు. రెండు చేతులూ చాపాలి. అరచేతులు చూసి, తిప్పి వెనక చూసి, వేళ్ళన్నీ ఒకసారి తడిమి వదిలేవాడు. అప్పుడు గానీ అన్నానికి లేచేవాడు కాదు. మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత కోపమొచ్చేది, ఆ తర్వాత ఏడుపొచ్చేది.

ఒకరోజు నా వేళ్ళు తప్పించుకున్నాయి గానీ మోచెయ్యి కింద రోలరు తగిలింది. ఒక్క క్షణమే. చర్మం ఊడొచ్చింది. రోలరు దగ్గర అందరం చీర మీద పొడుగు చేతుల చొక్కా వేసుకుంటాం. రోజూ దాన్ని అక్కడే కొక్కేనికి తగిలించి వచ్చేదాన్ని. ఆ రోజు విప్పకుండా అలాగే వానలో ఇంటికొచ్చాను.

"ఏదీ, చేతులు."

చాపాను. అరచేతులు చూశాడు. తిప్పి చూశాడు. వేళ్ళు తడిమాడు. తల ఎత్తి, "చొక్కాతోనే వచ్చేశావేం?" అన్నాడు.

"చలేసింది," అన్నాను. ఇంకో మాట అనలేదు. వాడి కళ్ళల్లోకి చూస్తూ నిలబడ్డాను. నా మొహంలో ఏమీ లేదని నాకు తెలుస్తూనే ఉంది. నన్ను ఎత్తుకుని పెంచినవాడిని మోసం చేయడం ఇంత తేలికా అని లోపల కుమిలిపోయాను.

వంటగది గుమ్మంలో వదిన నిలబడి ఉంది. ఆమె చూపు నా మొహం మీద లేదు, చొక్కా చేతి మీద ఉంది. అక్కడ గుడ్డ తడిసి ఒంటికి అంటుకుని ఉంది, ఆ తడి వాన తడిలా లేదు. చూపించు అంటుందనుకున్నాను. ఆమె ఆ మాట అంటే నేను చూపించేసేదాన్ని. నిజంగా చూపించేసేదాన్ని.

"దాన్ని లోపలికి రానివ్వండి, తడిసి ముద్దయింది," అంది వదిన.

అన్నయ్య పక్కకి జరిగాడు. వంటగదిలో వదిన తలుపు దగ్గరికి వేసింది. ఎడమ చేత్తో నా చొక్కా చేతిని కొంచెం కొంచెంగా పైకి మడిచింది. తన చేతికి రాసుకోగా మిగిలిన మందు గూట్లోంచి తీసి, ముడుచుకుపోయిన కుడి చేతి వేళ్ళతో సీసా అదిమిపట్టి మూత విప్పింది. మందు రాసింది. నోటితో ఊదింది. చొక్కా చేతిని మళ్ళీ మణికట్టు దాకా దించి గుండీ పెట్టింది.

బయట అన్నయ్య పీట వాల్చుకుని, "ఏమే, అన్నం పెడతావా?" అన్నాడు. వదిన కళ్ళు తుడుచుకుని కంచం పట్టుకెళ్ళింది. ఆ రోజు అన్నయ్య రెండోసారి కూడా అన్నం పెట్టించుకుని తిన్నాడు.